గంపెడు పిల్లలు నిజంగా ఎవరికి? తిరిగే జనం, ఊళ్ళో జనం, కాన్పుల లెక్క

మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో కోతలయ్యాక ఏటా పూసలవాళ్ళు దిగేవాళ్ళు. చెరువు కింద చింతచెట్ల నీడన నాలుగైదు గుడారాలు, మూడు రాళ్ళ పొయ్యిలు, రెండు కుక్కలు. ఆడవాళ్ళు పొద్దున్నే వీధుల్లోకి వచ్చి పూసలు, పిన్నీసులు, సవరాలు అమ్మేవాళ్ళు. చేతిలో డబ్బుల్లేకపోతే, తల దువ్వుకున్నప్పుడు ఊడిన వెంట్రుకలు ఉండ చుట్టి చూరులో దోపుకున్నవి ఇచ్చినా సరుకు ఇచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకామె నాకు బాగా గుర్తు. నెత్తిన గంప, వీపున గుడ్డలో కట్టిన చంటిది. మా అరుగు మీద గంప దించగానే బిడ్డని ముందుకి తిప్పుకుని పాలకి పెట్టేది, ఒక చేత్తో పూసల దండలు విప్పి చూపిస్తూనే. అది రెండు గుక్కలు తాగి వదిలేసేది, కాసేపటికి మళ్ళీ వెతుక్కునేది. ఆమె వీధి మలుపు తిరిగాక నాయనమ్మ అనే మాట ఒకటే: "ఇల్లూ లేదు వాకిలీ లేదు, పిల్లలు మాత్రం గంపెడు."

నాయనమ్మవి తొమ్మిది కాన్పులు. బతికింది ఐదుగురు. ఆ పూసలామెకి ఉన్నది ముగ్గురు, పెద్దదానికీ చంటిదానికీ మధ్య ఎనిమిదేళ్ళు.

ఈ తేడా నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. తిరిగేవాళ్ళకి పిల్లలు ఎక్కువ, స్థిరపడి, ఇల్లు కట్టుకుని, బడికి పంపితే తగ్గుతారు అన్నది మనందరి బుర్రల్లో గట్టిగా కూర్చున్న లెక్క. ఆంధ్రలో సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8 అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పినప్పటి నుంచీ, ముగ్గురు పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న పాత నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసినప్పటి నుంచీ, జనాభా గురించి మాట్లాడని ఇల్లు లేదు. ఆ మాటల్లో ఎక్కడో ఒకచోట "వాళ్ళకి మాత్రం పుడుతూనే ఉంటారు" అనే వాక్యం దూరుతుంది. ఆ "వాళ్ళు" చాలాసార్లు గుడారాల్లో ఉండేవాళ్ళే. కాబట్టి అసలు లెక్క ఏమిటో ఒకసారి విప్పి చూడాలనిపించింది.

ముందు ఒక చిన్న చిక్కు తీసేయాలి. జననాల రేటు అంటే వెయ్యి మందిలో ఏడాదికి ఎన్ని పుట్టుకలు అన్నది ఒక లెక్క. ఒక స్త్రీ తన జీవితంలో సగటున ఎంతమందిని కంటుంది అన్నది ఇంకో లెక్క, దాన్నే టీఎఫ్‌ఆర్ అంటున్నారు. మొదటిది జనంలో పడుచువాళ్ళు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, కాబట్టి పోల్చడానికి రెండోదే నయం. కానీ ఈ రెండూ చెప్పని మూడోది ఇంకొకటుంది: పుట్టినవాళ్ళలో ఎంతమంది దక్కారు. మీ కళ్ళకి ఒక గుంపులో "పిల్లలు ఎక్కువ" కనిపిస్తున్నారంటే అది కాన్పులు ఎక్కువై కావచ్చు, చావులు తక్కువై కావచ్చు, లేదా ఆ పిల్లలు బడిలోనో ఇంటి గోడల వెనకో కాకుండా రోడ్డు పక్కన మీ కంటి ముందే ఉండటం వల్ల కూడా కావచ్చు.

ఈ విషయంలో అందరూ ముందు తలచుకునేది కలహారి ఎడారి అంచున, ఇప్పటి బోట్స్వానా, నమీబియా సరిహద్దులో ఉండే కుంగ్ జనాన్ని. అప్పట్లో వాళ్ళది వేట, దుంపలు, కాయలు ఏరుకోవడం మీద బతుకు, నీటి గుంటల మధ్య మకాం మార్పు. రిచర్డ్ లీ అనే మానవశాస్త్రవేత్త 1963లో వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. కొన్నేళ్ళకి నాన్సీ హోవెల్ జనాభా లెక్క కట్టడానికి వెళ్ళారు. అక్కడ ఎవరికీ పుట్టిన ఏడాది తెలీదు. హోవెల్ చేసిందేమిటంటే, ఎవరు ఎవరికంటే పెద్ద అని ఒక్కొక్కర్నీ అడిగి, అందర్నీ ఒక వరసలో నిలబెట్టి, ఆ వరస మీద వయసులు అంచనా కట్టడం. మన పల్లెల్లో కూడా వయసు అలాగే తెలిసేది కదా, "వాడు తుఫాను ఏడు పుట్టాడు, వీడు వాడికంటే ఏడాది చిన్న" అని. అలా తేలిన సంగతి, కాన్పుల వయసు దాటిన కుంగ్ స్త్రీలకి సగటున 4.7 మంది పిల్లలు. మాత్ర లేదు, ఆపరేషన్ లేదు, ఏ అడ్డూ లేని చోట ఇది చాలా తక్కువ. కాన్పుకీ కాన్పుకీ ఎడం నాలుగేళ్ళకి కాస్త తక్కువ.

ఎందుకంత ఎడం? లీ నడక లెక్క కట్టారు. కాయలకీ దుంపలకీ, చుట్టాల మకాములకీ, మకాం మార్పులకీ కలిపి ఒక స్త్రీ ఏడాదికి దాదాపు 2,400 కిలోమీటర్లు నడుస్తుంది. నాలుగేళ్ళు వచ్చేదాకా బిడ్డని మోసేది తల్లే. ఏటికేడు మోయడం తగ్గుతూ వచ్చినా, నాలుగేళ్ళలో ఒక్కో బిడ్డనీ మోసే దూరం 7,800 కిలోమీటర్లు తేలింది. వెనక్కి వచ్చేటప్పుడు బిడ్డతో పాటు ఏరిన సరుకు కూడా ఉంటుంది. ఇప్పుడు రెండేళ్ళకే ఇంకో బిడ్డ పుట్టిందనుకోండి, నాలుగేళ్ళ ఎడం ఉన్నప్పుడు ఒకరిని మోసే ఒళ్ళు ఇప్పుడు ఇద్దరిని మోయాలి. వరసగా కనే ఆడదానికి నడుం నొప్పి వదలదని వాళ్ళలో ఒక మాట ఉందని లీ రాశారు. చదవగానే నాకు మా అరుగు మీది మాటలే వినిపించాయి. నాయనమ్మ ఒకసారి ఆ పూసలామెని అడిగింది, ఇంత ఎడమేమిటే అని. ఆమె చెప్పింది: "ఇది నడిస్తే గదమ్మా ఇంకోటి. ఇద్దర్నెత్తుకుంటే గంపెట్ట మొయ్యను?"

అయితే ఇక్కడ జాగ్రత్త. "మొయ్యలేను కాబట్టి కనను" అనుకుంటే సరిపోదు, ఒంటికి ఆ మాట వినిపించాలి. వినిపించే దారి పాలు. మెల్విన్ కానర్, కారల్ వర్త్‌మన్ అనే ఇద్దరు కుంగ్ తల్లుల పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నారు. 1980లో వాళ్ళు అచ్చు వేసిన లెక్క ప్రకారం పగలంతా గంటకి నాలుగైదుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాల చొప్పున, బిడ్డ పాలు తాగుతూనే ఉంటుంది. ఒకటో రెండో నెలలు కాదు, రెండేళ్ళు దాటాక కూడా. అలా మాటిమాటికీ చప్పరించినప్పుడల్లా తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, గుడ్డు విడుదలకి మెదడు పంపే ఆజ్ఞ మందగిస్తుంది. ముఖ్యం ఎంతసేపు తాగింది అన్నది కాదు, ఎంత తరచుగా తాగింది అన్నది. మూడు పూటలా కడుపు నిండా తాగి పడుకునే బిడ్డ తల్లికి ముట్టు త్వరగా తిరిగొస్తుంది. చంకన వేలాడుతూ రెండు గుక్కలు తాగి వదిలేసే బిడ్డ తల్లికి ఆలస్యం అవుతుంది.

పాలిచ్చినన్నాళ్ళూ కడుపు రాదని మన అమ్మమ్మలు అనేది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. 1988లో నిపుణులు కూర్చుని తేల్చిందేమిటంటే, బిడ్డకి ఆరు నెలలు నిండకుండా, తల్లిపాలు తప్ప దాదాపు వేరేదేమీ పెట్టకుండా, తల్లికి ముట్టు తిరిగి రాకుండా, ఈ మూడూ కలిసి ఉంటేనే 98 శాతానికి పైగా భరోసా. మూడింట్లో ఒకటి తప్పినా ఆ భరోసా లేదు. ఇది చదువుతున్న బాలింతలెవరైనా ఉంటే దయచేసి ఈ మాట గట్టిగా పట్టుకోండి, కలహారి లెక్క మీ అపార్ట్‌మెంట్‌లో పనిచేయదు.

ఇప్పుడు నాయనమ్మ ఇంటికి రండి. ఆమె బిడ్డని అత్తగారి దగ్గరో ఆడబిడ్డ దగ్గరో వదిలి కోతకి వెళ్ళేది. వెనక ఇంట్లో ఆవుపాలు ఉన్నాయి, రాగి జావ ఉంది, వాటిని పోయడానికి ఉగ్గుగిన్నె ఉంది. ఏడాది తిరగ్గానే రొమ్ముకి వేపాకు పసరు పూసి పాలు మాన్పించేవాళ్ళు. అంటే గంటకి నాలుగుసార్లు కాస్తా రోజుకి నాలుగుసార్లు అయింది, ఆ తర్వాత అసలే లేదు. రెండేళ్ళు తిరిగేసరికి మళ్ళీ నెల తప్పేది. ఆ వెండి ఉగ్గుగిన్నె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మూతి దగ్గర సొట్టతో. ఊళ్ళో జనానికీ తిరిగే జనానికీ కాన్పుల తేడా చూపించమని ఎవరైనా అడిగితే నేను ముందు దాన్నే చూపిస్తాను. ఈ ఊహ నా ఒక్కదానిది కాదు కూడా. జర్మనీలోని బవేరియాలో కంచు, ఇనుప యుగాల నాటి పిల్లల సమాధుల్లో దొరికిన చిన్న మట్టి ముక్కుగిన్నెల్ని గీకి పరీక్షిస్తే పశువుల పాల జాడలు కనిపించాయని 2019లో తేలింది. అలాంటి గిన్నెలు యూరప్‌లో అంతకంటే చాలా ముందు, సాగు మొదలైన కాలం నుంచీ దొరుకుతున్నాయి.

కుంగ్ జనంలోనే కొందరు పక్క పశువుల కాపరుల ఊళ్ళ దగ్గర కుదురుకుని, ఆవుపాలూ గంజీ తాగడం మొదలుపెట్టాక, కాన్పుల ఎడం 44 నెలల నుంచి 36 నెలలకి తగ్గిందని లీ గమనించారు. అలాస్కాలో కారిబూ దుప్పుల వెంట తిరిగిన నూనమియుట్ జనం అనాక్టువుక్ పాస్ అనే చోట ఊరు కట్టుకున్నాక కూడా పుట్టుకలు పెరిగాయి. ఇంకా వెనక్కి, పది వేల ఏళ్ళ వెనక్కి వెళ్తే, సాగు మొదలైనప్పటి శ్మశానాల్లో కూడా ఇదే జాడ. జాన్ పియెర్ బొకే-అపెల్ అనే ఫ్రెంచి పరిశోధకుడు ఎముకల గూళ్ళ వయసులు లెక్కేశారు. ఐదేళ్ళు దాటిన గూళ్ళలో 5 నుంచి 19 ఏళ్ళవి ఎన్ని అన్నది ఆయన కొలత. వేట కాలంలో దాదాపు ఐదోవంతు ఉన్న ఆ వాటా సాగు వచ్చాక మూడోవంతు దగ్గరికి పెరిగింది. చిన్నవాళ్ళ గూళ్ళు పెరిగితే చావులు పెరిగాయనే కదా అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ జనం ఏటేటా పెరుగుతుంటే ప్రతి తరంలో చిన్నవాళ్ళ గుంపు పెద్దదవుతుంది, కాబట్టి చనిపోయినవాళ్ళలో కూడా చిన్నవాళ్ళ వాటా పెరుగుతుంది. అందుకే ఆ వాటాని పుట్టుకల పెరుగుదలకి గుర్తుగా చదువుతారు.

ఇంతవరకూ కథ నున్నగా ఉంది. ఇక్కడే ఆపేసి "తిరిగితే తక్కువ, కుదురుకుంటే ఎక్కువ" అని రాసేసేవాళ్ళు చాలామంది. కానీ అడ్డం తిరిగే సాక్ష్యాలు ఉన్నాయి. పరాగ్వే అడవుల్లో తిరిగిన అచే జనం కూడా మకాం మార్చేవాళ్ళే, బిడ్డల్ని మోసేవాళ్ళే, అయినా ఒక్కో స్త్రీకి ఎనిమిది మంది దాకా పిల్లలని కిమ్ హిల్, మగ్దలేనా హుర్టాడో లెక్క తేల్చారు. అక్కడ తిండిలో ఎక్కువ భాగం మగవాళ్ళు తెచ్చే మాంసమే, కలహారిలోలాగా ఆడవాళ్ళే ఎండలో కాయలకి ఆమడ దూరం నడవాల్సిన పని లేదు. అంటే ఒంట్లో మిగులు ఎంత అన్నది కూడా తూకంలో పడుతుంది. తిన్నది ఎంత, నడకకి ఖర్చయింది ఎంత, పాలకి పోయింది ఎంత. మిగులుంటే ఒళ్ళు మళ్ళీ కడుపుకి సిద్ధపడుతుంది. కెన్యాలో పశువులు తోలుకుని తిరిగే తుర్కానా స్త్రీలలో ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. వానలు పడి, గడ్డి మొలిచి, పాలు ఎక్కువైన నెలల్లోనే కడుపులు పడతాయి, దాంతో ఏడాదిలో సగానికి పైగా పుట్టుకలు కొన్ని నెలల్లోనే వచ్చిపడతాయి.

ఇక కుంగ్ స్త్రీల తక్కువ సంఖ్యలో కొంత భాగం నడకదీ పాలదీ కాదు, జబ్బుది. సుఖవ్యాధుల వల్ల రెండు మూడు కాన్పుల తర్వాత గర్భం నిలవని స్త్రీలు అక్కడ ఉన్నారని హోవెల్ అప్పుడే రాశారు. వాళ్ళ పక్కనే ఉండే హెరెరో కాపరుల కథ ఇంకా స్పష్టం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వాళ్ళలో పిల్లల్లేని స్త్రీలు చాలా ఎక్కువ, పెన్సిలిన్ చేతికొచ్చాక కాన్పులు ఒక్కసారిగా పెరిగాయి. అక్కడ మారింది జీవనం కాదు, ఇంజెక్షన్. ఇలాంటివి చూశాక "సంచార జాతి కాబట్టి" అనే మాటని నేను అంత తేలిగ్గా నమ్మలేను.

పరిశోధకుల మధ్య కూడా ఈ గొడవ నడిచింది. 1988లో కెన్నెత్ క్యాంబెల్, జేమ్స్ వుడ్ చాలా సమాజాల అంకెలు ఒకచోట పెట్టి చూసి, బతుకుతెరువు రకానికీ పిల్లల సంఖ్యకీ చెప్పుకోదగ్గ సంబంధం లేదన్నారు. ఐదేళ్ళ తర్వాత జిలియన్ బెంట్లీ, ఆమె తోటివాళ్ళు ఆ అంకెల్లో నమ్మకం కుదరనివి తీసేసి, 57 సమాజాలతో మళ్ళీ చూశారు. పక్కా వ్యవసాయదారుల్లో ఒక్కో స్త్రీకి 6.6, వేట మీద బతికేవాళ్ళలో 5.6, పోడు లాంటి చిన్న సాగు చేసేవాళ్ళలో 5.4. తేడా ఉంది, కానీ చూడండి, అది ఒక్క బిడ్డ తేడా. అంతకంటే పెద్ద తేడా వేటగాళ్ళలో వేటగాళ్ళకే ఉంది, కుంగ్ 4.7, అచే 8. ఈ వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తుంచుకుంటానంటే ఈ వాక్యమే ఉంచుకోండి.

పశువుల కాపరుల దగ్గరికి వచ్చేసరికి ఒంటి లెక్క కంటే పెళ్ళి లెక్క ముందుకొస్తుంది. మాలిలో కెల్ తమషెక్ అనే ఎడారి కాపరులున్నారు, బయటివాళ్ళు తువారెగ్‌లు అంటారు. సారా రాండల్ 1981 నుంచీ వాళ్ళ జనాభా చదువుతున్నారు. పక్కనే పొలాలు దున్నే బంబారా రైతుల కంటే వీళ్ళకి పిల్లలు తక్కువ. కారణం ఒంటెలూ నడకా అనుకుంటాం, కానీ ఆమె చూపించింది వేరు. తమషెక్ మగవాళ్ళకి ఒకే భార్య. భార్యకీ భర్తకీ వయసు తేడా ఎక్కువ, విడాకులు ఎక్కువ. కాబట్టి ఏ రోజు చూసినా పిల్లల్ని కనే వయసులో ఉండి కూడా మొగుడు లేని స్త్రీలు చాలామంది ఉంటారు. బంబారాలో భర్త పోతే మరిదో బావో చేసుకుంటాడు, ఇద్దరు ముగ్గురు భార్యలుండటం మామూలు, స్త్రీ ఒంటరిగా ఉండే రోజులు తక్కువ. ఆ తర్వాత 1990ల తిరుగుబాటులో తమషెక్ జనం ఇళ్ళూ మందలూ పోగొట్టుకుని మారిటేనియా శిబిరాలకి పరుగెత్తారు, తిరిగొచ్చాక చాలామంది ఊళ్ళల్లో కుదురుకున్నారు. 2001లో మళ్ళీ లెక్కేస్తే పసిపిల్లల చావులు తగ్గాయి, పుట్టుకలు మాత్రం పెద్దగా కదల్లేదు. పెళ్ళి పద్ధతి మారలేదు కాబట్టి.

కెన్యాలోని రెండిల్లె ఒంటె కాపరులలో ఇంకో వింత ఆచారం ఉండేది. ఒకే ఈడు మగవాళ్ళని ఒక జట్టుగా కట్టేవాళ్ళు, అలాంటి ప్రతి మూడో జట్టు మగవాళ్ళ కూతుళ్ళని సెపాడె అనేవాళ్ళు. వాళ్ళు తమ అన్నదమ్ములందరి పెళ్ళిళ్ళూ అయ్యేదాకా పెళ్ళి చేసుకోకూడదు, ఈలోపు ఒంటెల పని వాళ్ళది. ఎరిక్ రోత్ లెక్క ప్రకారం ఆ ఆలస్యం వల్ల వాళ్ళకి పుట్టే పిల్లలు తోటి స్త్రీల కంటే తక్కువ, మొత్తం జనాభా పెరుగుదల కూడా నెమ్మదించింది. 1998లో రెండిల్లె పెద్దలు ఆ ఆచారాన్ని తీసేశారు. చూడండి, ఎడారిలో ఒంటె మందకి సరిపడా మనుషులు అన్న లెక్క ఒక ఆడపిల్ల పెళ్ళి ముహూర్తంలోకి ఎలా దూరిందో. ఆ పిల్లల్ని అడిగి పెట్టిన నియమం కాదది. సంచార సమాజాలు ప్రకృతితో తూకంలో బతికాయని గొప్పగా రాసేవాళ్ళు ఆ తూకం ఎవరి మెడ మీద నిలబడిందో కూడా రాయాలి.

కుదురుకోవడం గురించి నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి కూడా రెండిల్లె వాళ్ళ దగ్గరే దొరికింది. కరువుల్లో మందలు పోయాక చాలామంది బావుల చుట్టూ, క్రైస్తవ మిషన్ల చుట్టూ వెలసిన చిన్న పట్నాల్లో దిగారు. మార్తా నేథన్, ఇలియట్ ఫ్రాట్‌కిన్, రోత్ 1990లలో ఒంటెల వెంట ఇంకా తిరుగుతున్న పిల్లల్నీ, పట్నాల్లో కుదురుకున్న పిల్లల్నీ తూకం వేసి చూశారు. కుదురుకున్నవాళ్ళలో పోషణ లోపం మూడు రెట్లు ఎక్కువ. తిరిగేవాళ్ళ పిల్లలు వాళ్ళకంటే మూడు రెట్లు పాలు తాగుతున్నారు. పట్నంలో టీకా ఉంది, బడి ఉంది, మొక్కజొన్న పిండి ఉంది, ఒంటె పాలు లేవు.

ఫిలిప్పీన్స్‌లో లుజోన్ దీవి తూర్పున ఉండే ఆగ్టా జనం మీద అబిగేల్ పేజ్, ఆమె తోటివాళ్ళు 2016లో అచ్చు వేసిన పని ఈ రెండు ముక్కల్నీ కలిపింది. ఆగ్టాలో కొందరు ఇంకా మకాం మారుస్తూ అడవి, సముద్రం మీద బతుకుతారు, కొందరు ఒకచోట ఉండి కొంత సాగు, కొంత కూలి చేస్తారు. కుదురుకున్న తల్లులకి కాన్పులు ఎక్కువ. వాళ్ళలో జబ్బులు ఎక్కువ, నులిపురుగులు ఎక్కువ, పిల్లల చావులు కూడా ఎక్కువ. అయినా చివరికి బతికిన పిల్లల్ని లెక్కేస్తే కుదురుకున్న తల్లి దగ్గరే ఎక్కువమంది మిగిలారు. ఎక్కువ కని, ఎక్కువ పోగొట్టుకుని, అయినా కాస్త ఎక్కువ దక్కించుకోవడం. పది వేల ఏళ్ళ కిందట సాగు చేసే జనం అలాగే పెరిగి ఉంటారని వాళ్ళ వాదన. నాయనమ్మ తొమ్మిదీ ఐదూ నాకు అక్కడ మళ్ళీ కనిపించాయి. తొమ్మిదిలో నాలుగు పోవడాన్ని మనం "ఆ రోజుల్లో అంతే" అని దాటేస్తాం. ఆమె దాటేయలేదు, నాలుగోవాడి పేరు చివరిదాకా తలుచుకునేది.

కుదురుకుంటే కాన్పులు పెరిగి అలాగే ఉండిపోతాయా అంటే, అదీ లేదు. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి బెదూయిన్ అరబ్బుల్ని చూడండి. 1960ల చివరి నుంచి ప్రభుత్వం వాళ్ళని కట్టించిన పట్నాల్లోకి నెట్టుకొచ్చింది, వాటిలో పెద్దది రహత్. తరవాత కాన్పులు తగ్గలేదు సరికదా, 1990ల చివరికి ఒక్కో స్త్రీకి పది మంది దాకా లెక్క వచ్చింది, ప్రపంచంలోనే అతి ఎక్కువ అంకెల్లో ఒకటి. ఆసుపత్రి దగ్గరైంది, డబ్బాపాలు వచ్చాయి, బిడ్డకింత అని ప్రభుత్వం భత్యం ఇచ్చేది, ఇద్దరు భార్యల పద్ధతి పోలేదు. ఆ పైన ఇరవై ఏళ్ళలోపే ఆ అంకె దాదాపు సగానికి పడింది. ఆడపిల్లలు చదువులోకి వచ్చారు, పిల్లలు బతుకుతారన్న నమ్మకం కుదిరింది, 2003లో భత్యాలు కోసేశారు. కాబట్టి "స్థిరపడితే పిల్లలు తగ్గుతారు" అనే మాట అబద్ధం కాదు, కాకపోతే మధ్యలో ఒక తరమో రెండు తరాలో పైకి ఎగసే మెట్టు ఉంది. ఆ మెట్టు మీద నిలబడ్డ జనాన్ని చూసి "వీళ్ళింతే" అని తేల్చేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఆ మెట్టు మన తాతల తరం కూడా ఎక్కింది, దిగింది.

మన దగ్గర కుదురుకోవడం చాలాసార్లు ఇష్టపడి జరిగింది కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి తెచ్చాక, ఉప్పూ ధాన్యమూ మోస్తూ తిరిగిన ఎరుకల కుటుంబాల్ని సెటిల్‌మెంట్లలోకి తోలారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అలా పుట్టిందే. హాజరు పట్టీ, రాత్రి వేళ లెక్క, గేటు దాటాలంటే అనుమతి. 1952లో ఆ చట్టం పోయినా పేరు మీద పడ్డ మచ్చ పోలేదు. అలాంటి చోట కాన్పులు పెరిగాయా తగ్గాయా అని అడిగేముందు, గర్భిణి సంతకి వెళ్ళాలన్నా చీటీ అడగాల్సిన బతుకులో "కుటుంబం" అంటే ఏమిటో అడగాలి.

ఇప్పటి అంకెలంటారా, మన సర్వేల్లో సంచార జాతులకి విడిగా గడి లేదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని ఉంటుంది. లంబాడీలు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో ఇంకో జాబితా. బుడబుక్కల, గంగిరెద్దులవాళ్ళు, పిచ్చుకుంట్లవాళ్ళు బీసీ-ఏ. ఎన్నో తరాలుగా కుదురుకున్న పెద్ద కులాలతో కలిపేసిన సగటులో వాళ్ళ అంకె కరిగిపోతుంది. పైగా కుటుంబ ఆరోగ్య సర్వే ముందు ఇళ్ళ జాబితా రాసుకుని, అందులోంచి ఇళ్ళని ఎంచుకుంటుంది. ఇల్లే లేనివాళ్ళు ఆ జాబితాలోకి ఎలా వస్తారు? ఆశా కార్యకర్త రిజిస్టరు కూడా ఊరి హద్దు వరకే. అయిదో నెలలో ఒక మండలంలో కార్డు రాయించుకున్న గర్భిణి ఎనిమిదో నెలకి ఇంకో జిల్లాలో ఉంటే, ఆమె కార్డు ఒకచోట, ఆమె ఒకచోట, ఐరన్ మాత్రలు ఇంకోచోట. ఆమెకి కావాల్సింది ఎడమే అయినా, దొరికే దారి చాలాసార్లు కాన్పులు పూర్తిగా ఆపేసే ఆపరేషన్ ఒక్కటే, అదీ ఎవరైనా దగ్గరుండి తీసుకెళ్తే. మూడు నెలలకోసారి సూది మందు తీసుకోవాలంటే మూడు నెలలకోసారి అదే సబ్‌సెంటర్‌కి రావాలి కదా.

జనగణన ఒక్కటే వాళ్ళని వెతుక్కుంటూ వెళ్తుంది. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు బస్టాండ్లు, వంతెనల కింద, చెట్ల కింద తిరిగి ఇల్లు లేనివాళ్ళని లెక్కేశారు, దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. ఒక్క రాత్రి, ఆ రాత్రి ఎక్కడుంటే అక్కడ. వచ్చే జనగణన లెక్క 2027 మార్చి 1 నాటిది, ఈసారి కులం కూడా అడుగుతామన్నారు. జనగణన పత్రంలో పెళ్ళయిన స్త్రీని అడిగే ప్రశ్నల్లో రెండున్నాయి: మొత్తం ఎంతమంది పుట్టారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు. కులం గడినీ ఈ రెండు గడుల్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కో సంచార కులానికీ విడిగా అచ్చు వేస్తే చాలు, ఈ వ్యాసంలో నేను కలహారి నుంచీ కెన్యా నుంచీ తెచ్చుకున్న లెక్క మన చింతచెట్ల కింద కూడా దొరుకుతుంది.

నాయనమ్మని అడిగితే తొమ్మిది, ఐదు అని రాయించేది. పూసలామెని ఆ రెండు ప్రశ్నలూ ఎవరైనా అడిగారో లేదో. మా అరుగు మీద మేం అడిగింది మాత్రం పూసల ధరే.